వారానికి రెండు వేల డాలర్లు... చేతికి ఎంత?

అమెరికా వచ్చిన మనవాళ్ల ఫోన్లలో ఫొటోలు దాదాపు ఒకేలా ఉంటాయి. నయాగరా, టైమ్స్ స్క్వేర్, గ్రాండ్ కాన్యన్. నా ఫోన్లో మాత్రం వాటి మధ్యలో ఒక పెట్రోల్ బంకు ఫొటో ఉంది. బంకు అంటే మన బైపాస్ పక్కన ఉండే బంకు కాదండోయ్. దాదాపు 900 లారీలు ఒకేసారి నిలబడే చోటు. పేరు ‘అయోవా 80’. ప్రపంచంలోనే అతి పెద్ద ట్రక్ స్టాప్ అని బోర్డు మీద గర్వంగా రాసుకున్నారు.

షికాగో నుంచి పడమరగా ఇంటర్‌స్టేట్ 80 పట్టుకుంటే దాదాపు మూడు గంటల దారి. మొక్కజొన్న చేలు, సోయాబీన్ చేలు, మళ్లీ మొక్కజొన్న. ఇల్లినాయ్ రాష్ట్రం అయిపోయే చోట మిసిసిపి నది వస్తుంది. ఎంతో ఊహించుకుని చూస్తాం గానీ, రాజమండ్రి దగ్గర గోదావరిని చూసిన కళ్లకు ఇక్కడ మిసిసిపి చిన్నగానే కనిపిస్తుంది. నది దాటి ఇంకో ఇరవై నిమిషాలు పోతే వాల్‌కాట్ అనే చిన్న ఊరు. 284వ ఎగ్జిట్. దిగగానే ముందు కనిపించేవి చిమ్నీల్లాంటి సైలెన్సర్లు, వరసలు వరసలుగా ట్రైలర్లు.

ఈ ట్రక్ స్టాప్ 1964లో చిన్న బంకుగా మొదలైంది. ఇప్పుడు లోపల 300 సీట్ల హోటల్, స్నానాల గదులు, లాండ్రీ, క్షౌరశాల, సినిమా హాలు, పంటి డాక్టరు, వెన్నునొప్పికి వైద్యం చేసే కైరోప్రాక్టర్ కూడా ఉన్నారు. లారీకి పెట్టుకునే లైట్లు, మెరిసే క్రోమ్ సామాను అమ్మే షోరూమ్ ఒక్కటే మన షాపింగ్ మాల్‌లో ఒక ఫ్లోరంత ఉంటుంది. పక్కనే పాత ట్రక్కుల మ్యూజియం. టికెట్ లేదు. రోడ్డు మీదే బతికేవాళ్ల కోసం కట్టిన ఊరు ఇది.

నేను అక్కడికి వెళ్లింది తమ్ముడి కోసం.

నాలుగు ఆఫర్లు, ఒక సోమవారం

తమ్ముడంటే మా పెద్దమ్మ కొడుకు. ఇరవై నాలుగేళ్లు. మూడేళ్ల కిందట అమ్మానాన్నలతో పాటు గ్రీన్‌కార్డు మీద వచ్చాడు. గోడౌన్‌లో పెట్టెలు మోస్తూ, డబ్బు కూడబెట్టి, సరిపోనిది క్రెడిట్ కార్డు మీద గీకి, ట్రక్ డ్రైవింగ్ స్కూల్‌లో చేరాడు. సీడీఎల్ క్లాస్ ఏ వచ్చింది. అంటే ట్రైలర్ తగిలించిన పెద్ద లారీ తోలే లైసెన్సు. ఇక్కడ 2022 ఫిబ్రవరి 7 నుంచి రూలేంటంటే, ప్రభుత్వ రిజిస్టర్‌లో ఉన్న సంస్థలో శిక్షణ పూర్తయితేనే టెస్టుకు రానిస్తారు. పక్కింటి డ్రైవర్ దగ్గర నేర్చుకుని వెళ్తానంటే కుదరదు.

లైసెన్సు చేతికొచ్చిన వారంలోనే ఫోన్ మోగడం మొదలైంది. నాలుగు ఆఫర్లు. ఒకరు సోమవారంలోగా చెప్పకపోతే సీటు వేరేవాళ్లకి ఇచ్చేస్తామన్నారు. పెదనాన్న మోకాలి ఆపరేషన్ తర్వాత పని మానేశారు, ఇల్లు వాడి మీదే నడవాలి. ‘ఎక్కువ ఇచ్చేవాడి దగ్గర చేరిపోరా’ అంటుంది పెద్దమ్మ. ఆవిడ మాటా తప్పు కాదు.

నేను లారీలకు లోడ్లు కుదిర్చే సాఫ్ట్‌వేర్ రాస్తాను. మా నాన్న పాతికేళ్లు విజయవాడ ఆటోనగర్ నుంచి లారీ తోలారు. ఈ రెండూ చూసి వాడు నా దగ్గరికొచ్చాడు. ‘అన్నా, రిక్రూటర్‌ని అడిగితే అన్నీ బావుంటాయనే చెప్తాడు. తోలేవాళ్లని అడుగుదాం పద’ అన్నాడు. శనివారం పొద్దున్నే బయల్దేరాం. కారు ఎక్కేముందు నాన్నకి వాట్సాప్ కాల్ చేస్తే ఆయన ఒక్కటే చెప్పారు: ‘ఒరే, జీతం ఎంతని ముందు అడక్కండి. లోడు దిగేదాకా ఎవడి ఖర్చుతో నిలబడాలో అడగండి.’

ఆ రోజంతా మాకు పనికొచ్చిన ప్రశ్న అదే.

మొదటి ఆఫర్: ‘దాకా’ అనే మాట

వారానికి 2,000 డాలర్ల దాకా. పైగా చేరితే 10,000 డాలర్ల బోనస్. దేశమంతా తిరిగే ఉద్యోగం, మూడు వారాలకోసారి ఇల్లు.

ఇందులో అసలు మాట ‘2,000’ కాదు, ‘దాకా’. కాగితం చూస్తే మైలుకు 60 సెంట్లు, వారానికి 3,000 మైళ్లు, అంటే 1,800. మిగతాది జాగ్రత్తగా తోలితే ఒక బోనస్, డీజిల్ పొదుపు చేస్తే ఇంకో బోనస్. 3,000 మైళ్లు రావాలంటే ఆరు రోజులు, రోజూ 500 మైళ్లు తోలాలి. రోడ్డు మీద అది అసాధ్యం కాదు. మరి గేటు దగ్గర?

హోటల్లో మా పక్క టేబుల్ దగ్గర ఒక సర్దార్జీ ఉన్నారు. కాలిఫోర్నియా నుంచి వస్తున్నారట. నా హైదరాబాదీ హిందీ విని నవ్వి, తన ప్లేటు తెచ్చుకుని మా టేబుల్ దగ్గరే కూర్చున్నారు. ఆయన వేలు మడిచి చెప్పిన లెక్క ఇదీ. రూల్ ప్రకారం పది గంటలు విశ్రాంతి తీసుకున్నాక, రోజుకు 11 గంటలు మాత్రమే బండి తోలాలి. ఆ పదకొండూ డ్యూటీ మొదలైన 14 గంటల్లోపే పూర్తవ్వాలి. ఎనిమిది రోజుల్లో మొత్తం డ్యూటీ 70 గంటలు దాటితే బండి తోలకూడదు. 2017 డిసెంబర్ నుంచి చాలామట్టుకు లారీల్లో ఈ లెక్కను ఎలక్ట్రానిక్ యంత్రమే రాస్తోంది, చేత్తో దిద్దుకునే రోజులు పోయాయి. ఇప్పుడు గోడౌన్ దగ్గర సరుకు ఎక్కించడానికి ఐదు గంటలు ఆపారనుకోండి. 14 గంటల గడియారం ఆగదు. బండి కదల్లేదు కాబట్టి మైళ్లు లేవు, మైళ్లు లేవు కాబట్టి డబ్బు లేదు. మొదటి రెండు గంటల వెయిటింగ్ మామూలుగా ఫ్రీ. ఆ తర్వాత కొంత ఇస్తారు, అదీ అగ్రిమెంట్‌లో రాసి ఉంటేనే.

‘కొత్తగా చేరినవాడికి వారానికి రెండు వేల మైళ్లు, కాస్త అటూఇటూ అనుకో బేటా’ అన్నారాయన. 2,100 మైళ్లు వేసుకుంటే 1,260 డాలర్లు.

ఏ మైళ్లు అన్నది ఇంకో తిరకాసు. కొన్ని కంపెనీలు బండి నిజంగా తిరిగిన దూరానికి ఇవ్వవు, ఊరికీ ఊరికీ మధ్య పుస్తకంలో రాసి ఉన్న దూరానికే ఇస్తాయి. ఊరి శివార్లలో గోడౌన్ వెతుక్కుంటూ తిరిగిన దూరం మన ఖాతాలోనే. అందుకే ‘మైలుకు ఎంత’ అని అడిగాక ‘మీ మైలు ఏది’ అని కూడా అడగాలి.

బోనస్ సంగతి? మూడు నెలలకోసారి 1,250 చొప్పున రెండేళ్లలో ఇస్తారట. మధ్యలో మానేస్తే మిగతాది పోయినట్టే. చేతిలో పెట్టే డబ్బు కాదది, కాలికి కట్టే తాడు.

రెండో ఆఫర్: నువ్వే ఓనర్!

ఏడాదికి 1,80,000 డాలర్లు. తమ్ముడి కళ్లు మెరిసింది దీనికే. ఉద్యోగం కాదు, ‘లీజ్ పర్చేజ్’. కంపెనీ లారీని నీకు లీజుకిస్తుంది, వారం వారం కడుతూ పోతే చివరికి లారీ నీదే. లోడుకు వచ్చే కిరాయిలో 70 శాతం నీకు.

వాళ్లు పంపిన కాగితంలోని అంకెలే తీసుకుని, బయట బోర్డు మీద డీజిల్ ధర చూసి టిష్యూ పేపర్ మీద లెక్క వేశాం. వారానికి 2,500 మైళ్లు, కిరాయి 5,000 డాలర్లు. వాడి వాటా 3,500. బావుంది. ఇప్పుడు కోతలు చూడండి. గ్యాలన్‌కి ఆరున్నర మైళ్లు వస్తే దాదాపు 385 గ్యాలన్లు, 3.70 చొప్పున సుమారు 1,423. లారీ కిస్తీ 850. ఇన్సూరెన్స్ 200. రిపేర్ల నిధి పేరుతో మైలుకు 15 సెంట్లు, అంటే 375. మొత్తం 2,848. మిగిలింది 652 డాలర్లు.

అక్కడితో అయిపోలేదు. ఉద్యోగి కాదు కాబట్టి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నుల్లో కంపెనీ కట్టాల్సిన సగం కూడా తనే కట్టాలి. మొత్తం 15.3 శాతం. హెల్త్ ఇన్సూరెన్స్ సొంతం. ఒక వారం జ్వరమొచ్చి ఇంట్లో పడుకున్నా కిస్తీ, ఇన్సూరెన్స్ కలిపి 1,050 డాలర్లు ఆగవు. ఇక ఒక్క కిస్తీ తప్పితే లారీ వెనక్కి తీసుకోవచ్చని కింద చిన్న అక్షరాల్లో ఉంది. అప్పటిదాకా కట్టింది ఏమవుతుందో లేదు.

మా నాన్న కాలంలో ఆటోనగర్‌లో ఫైనాన్స్ బండ్లు ఇలాగే పోయేవి. అయితే ఒక తేడా ఉంది. అక్కడ ఫైనాన్స్ వాడు వేరు, లోడు ఇచ్చేవాడు వేరు. ఇక్కడ ఇద్దరూ ఒకరే. నీకు లోడు ఇవ్వాలా వద్దా అన్నదీ వాళ్ల చేతిలోనే, కిస్తీ వసూలు చేసేదీ వాళ్లే.

ఇది నా ఒక్కడి అనుమానం కాదు. అమెరికా ప్రభుత్వమే దీని మీద ఒక టాస్క్‌ఫోర్స్ వేసింది. ఇలాంటి లీజ్ పర్చేజ్ పథకాలను నిషేధించాలని అది 2025 జనవరిలో సిఫార్సు చేసింది. అంతకుముందు 2019లో ‘న్యూ ప్రైమ్ వర్సెస్ ఒలివేరా’ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కాగితం మీద ‘కాంట్రాక్టర్’ అని రాసినంత మాత్రాన, రాష్ట్రాలు దాటి లారీ తోలే డ్రైవర్‌ని ఫెడరల్ ఆర్బిట్రేషన్ చట్టం చూపించి కోర్టుకు రాకుండా ఆపలేరని తీర్పొచ్చింది. అలా కోర్టు మెట్లెక్కాల్సిన పరిస్థితి రాకుండా చూసుకోవడమే మనకు నయం.

మూడో ఆఫర్: నిద్రలోనూ నడిచే బండి

మైలుకు 72 సెంట్లు. టీమ్ డ్రైవింగ్. ఇద్దరు డ్రైవర్లు, ఒకడు తోలుతుంటే ఇంకొకడు వెనక బెర్త్ మీద పడుకుంటాడు. బండి దాదాపు ఆగదు. అయితే ఆ 72 సెంట్లు ఇద్దరికీ కలిపి. ఒక్కొక్కరికి 36. వారానికి 5,000 మైళ్లు వస్తే ఒక్కొక్కరికి 1,800. లెక్క నిజమే, మోసం లేదు.

మిసోరీ నుంచి వచ్చిన ఒకావిడ లాండ్రీ దగ్గర కలిశారు. ఇరవై ఏళ్లుగా తోలుతున్నారట. ‘నీ పక్కన తోలేది ఎవరో తెలుసా?’ అని తమ్ముణ్ని అడిగారు. తెలియదన్నాడు. ‘వాడూ నీలాగే కొత్తవాడైతే? మంచు కురుస్తున్న రాత్రి వయోమింగ్ రోడ్ల మీద నువ్వు వెనక నిద్రపోగలవా?’ మావాడు మాట్లాడలేదు. తెలిసినవాళ్లు, భార్యాభర్తలు అయితే టీమ్ మంచిదేనని కూడా ఆవిడే చెప్పారు.

దూర ప్రయాణాల ఉద్యోగాన్ని ఆవిడ ఎక్కడా తీసిపారెయ్యలేదు. ‘నాకు అద్దె లేదు, ఇల్లు లేదు, ఈ లారీయే ఇల్లు. నాకు సరిపోయింది. నీకోసం ఇంట్లో ఎవరైనా ఎదురుచూస్తున్నారా లేదా, ముందు అది చెప్పు’ అన్నారు. మావాడికి రాకీ పర్వతాలు చూడాలని పిచ్చి కోరిక. సోమవారం, గురువారం పెదనాన్నని ఫిజియోథెరపీకి తీసుకెళ్లేదీ వాడే.

నాలుగో ఆఫర్: ఎవరికీ చెప్పుకోలేని ఉద్యోగం

గంటకు 26 డాలర్లు. రాత్రి డ్యూటీ. ఒక టెర్మినల్ నుంచి ఇంకో టెర్మినల్‌కి సరుకు చేరవేసి, తెల్లారేసరికి ఇంటికి రావడం. మొదటి కొన్ని నెలలు మధ్యమధ్యలో డాక్ మీద పెట్టెలు కూడా దించాలి. వారానికి 50 గంటలు, అంటే 1,300 డాలర్లు. రీల్ పెట్టుకోవడానికి ఏమీ లేదు. కానీ గేటు దగ్గర ఆపినా గంట తిరుగుతూనే ఉంటుంది, డబ్బు వస్తూనే ఉంటుంది. నాన్న అడగమన్న ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పిన ఆఫర్ ఇదొక్కటే.

రాష్ట్రాలు దాటి తోలే లారీ డ్రైవర్లకు అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం ఓవర్‌టైమ్ హక్కు మామూలుగా ఉండదు. అందుకని గంటల ఉద్యోగంలో కూడా ఎన్ని గంటలు దాటితే రేటు పెరుగుతుందో కాగితం మీద చూసుకోవాలి.

నేను ఫోన్లో ఇంకో లెక్క చేసి చూపించాను. మొదటి ఆఫర్‌లో వారానికి 1,260. డ్యూటీ 70 గంటలు అనుకుంటే గంటకు 18 డాలర్లు. కానీ మిగతా గంటలు వాడు ఎక్కడుంటాడు? లారీలోనే, ఇంటికి వెయ్యి మైళ్ల దూరంలో. వారానికి 168 గంటలు. దాంతో భాగిస్తే గంటకు ఏడున్నర. అమెరికా ఫెడరల్ కనీస వేతనం 7.25. రాత్రి ఉద్యోగంలో రానూపోనూ కలిపి వారానికి 60 గంటలు ఇంటి బయట. 1,300ని 60తో భాగిస్తే దాదాపు 21.70.

తమ్ముడు ఫోన్ తీసుకుని లెక్క మళ్లీ తనే వేసి చూశాడు.

కంపెనీ జాతకం ఫోన్లోనే

భోజనాలయ్యాక పార్కింగ్ వైపు నడిచాం. అక్కడే లారీలు తూచే పెద్ద కాటా. ఇంటర్‌స్టేట్ మీద మామూలుగా లారీ, సరుకు కలిపి 80,000 పౌండ్లు దాటకూడదు. మన లెక్కలో దాదాపు 36 టన్నులు. దేశమంతా కనిపించే ‘క్యాట్ స్కేల్’ కాటాలు 1977లో మొదలయ్యాయి, వాటి కంపెనీ ఉన్నది ఈ వాల్‌కాట్‌లోనే. ఓవర్‌లోడ్ పడితే ఫైన్ ఎవరు కడతారన్నది కూడా అగ్రిమెంట్‌లో చూడాల్సిన లైనే.

కాటా పక్కన బెంచీ మీద కూర్చుని నాలుగు కంపెనీల జాతకాలు చూశాం. ప్రతి కంపెనీకీ ఒక డాట్ నంబర్ ఉంటుంది, లారీ తలుపు మీదే రాసి ఉంటుంది. ప్రభుత్వ ‘సేఫర్’ సైట్‌లో ఆ నంబర్ కొడితే ఎన్ని లారీలు, ఎంతమంది డ్రైవర్లు, గత రెండేళ్లలో ఎన్ని ప్రమాదాలు, తనిఖీల్లో ఎంత శాతం బండ్లను పక్కన పెట్టేశారు, పక్కనే దేశ సగటు... అన్నీ ఉచితంగా కనిపిస్తాయి. లీజ్ ఆఫర్ ఇచ్చిన కంపెనీలో పక్కన పెట్టేసిన బండ్ల శాతం దేశ సగటు కంటే బాగా ఎక్కువ. అలాంటి బండికి రిపేర్లు ఎవరి డబ్బుతో? వాడి డబ్బుతోనే.

ఇంకో అంకె కూడా దగ్గర పెట్టుకుంటే మంచిది. అమెరికా కార్మిక శాఖ గణాంకాల ప్రకారం 2024 మేలో పెద్ద లారీల డ్రైవర్ల మధ్యస్థ వేతనం ఏడాదికి 57,440 డాలర్లు. అంటే సగం మందికి అంతకంటే తక్కువే. అందులో ఇరవై ఏళ్ల అనుభవమున్నవాళ్లూ ఉన్నారు. నిన్న లైసెన్సు వచ్చినవాడికి అంతకు మూడింతలు ఇస్తామంటే, ఖర్చు ఎవరి నెత్తిన ఉందో వెతకాల్సిందే.

కొత్తవాళ్లందరికీ రాత్రి ఉద్యోగం దొరకదు. లోకల్ ఉద్యోగాలు చాలావాటికి ఏడాదో రెండేళ్లో అనుభవం అడుగుతారు. అప్పుడు దూర ప్రయాణమే దారి. అలా వెళ్లేవాళ్లు ఐదు విషయాలు రాతపూర్వకంగా తీసుకోవాలి. మైళ్లు తక్కువైనా వారానికి కనీసం ఎంత ఇస్తారు? ట్రైనర్‌తో ఎన్ని వారాలు, అప్పుడు జీతమెంత? ఇంటికి ఎన్నాళ్లకోసారి? వెయిటింగ్‌కి ఎంత? మధ్యలో మానేస్తే ట్రైనింగ్ ఖర్చు కింద ఎంత కట్టాలి? వీటికి ‘అదంతా చేరాక మాట్లాడుకుందాం’ అనేవాడికి దండం పెట్టి వచ్చేయడమే.

మన ఊళ్లో రీల్స్ చూసేవాళ్లకి

‘అమెరికాలో లారీ డ్రైవర్‌కి కోటి రూపాయల జీతం, వీసా మేమే ఇప్పిస్తాం’ అనే వీడియోలు మీ ఫోన్‌కీ వచ్చే ఉంటాయి. కమర్షియల్ ట్రక్ డ్రైవర్లకు వర్కర్ వీసాలు ఇవ్వడం ఆపుతున్నట్టు అమెరికా ప్రభుత్వం 2025 ఆగస్టులో ప్రకటించింది. అదే ఏడాది జూన్ 25 నుంచి, రోడ్డు మీద తనిఖీలో ఇంగ్లిష్ రాదని తేలితే డ్రైవర్‌ని అక్కడే ఆపేస్తున్నారు కూడా. కాబట్టి వీసా పేరుతో లక్షలు అడిగేవాడు అమ్ముతున్నది ఉద్యోగం కాదు.

గల్ఫ్‌కి హెవీ డ్రైవర్‌గా వెళ్లేవాళ్లకీ ఈ ప్రశ్నలే. జీతం ఎంత అన్నదాని కంటే ముందు గది ఎవరిది, తిండి ఎవరిది, లోడు లేని రోజు జీతం ఉందా, యాక్సిడెంట్ అయితే ఎవరు కడతారు అని అడగాలి. ఏజెంటుకు విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ‘ఈ-మైగ్రేట్’ సైట్‌లో చూసుకోవచ్చు. చట్టం ప్రకారం ఏజెంటు తీసుకోగలిగిన గరిష్ఠ ఫీజు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఆపైన అడిగితే రసీదు అడగండి. రసీదు ఇవ్వనంటే విషయం అర్థమైపోతుంది.

సోమవారం తర్వాత

తిరుగు ప్రయాణంలో మిసిసిపి దాటేసరికి చీకటి పడింది. తమ్ముడు ఎక్కువ మాట్లాడలేదు. ఆదివారం పెద్దమ్మకి టిష్యూ పేపర్ చూపించి అంకె అంకె చదివాడట. సోమవారం పొద్దున రాత్రి ఉద్యోగానికి సరేనన్నాడు.

ఐదు నెలలైంది. మొదటి నెల డాక్ పని నడుము విరగ్గొట్టింది. పగలు నిద్ర ఇంకా సరిగ్గా పట్టడం లేదు. కొండలు ఇంకా చూడలేదు. వారానికి 1,300 అన్నది కొన్ని వారాలు 1,150 దగ్గరే ఆగింది. కానీ క్రెడిట్ కార్డు అప్పు సగానికి దిగింది, సోమవారం, గురువారం పెదనాన్న ఫిజియోథెరపీ తప్పలేదు. ఏడాది అనుభవం వచ్చాక వాడి దగ్గరికి వచ్చే ఆఫర్లు వేరుగా ఉంటాయి. అప్పుడు రాకీ పర్వతాల మీదుగా వెళ్లే రూటు వాడే బేరమాడి తీసుకోవచ్చు.

సోమవారంతో సీటు పోతుందన్న మొదటి కంపెనీ ఇప్పటికీ వారానికో మెసేజ్ పెడుతోంది. బోనస్ ఇప్పుడు 15,000 చేశారట. అంత మంచి ఉద్యోగమైతే, ఐదు నెలలుగా ఆ సీటు ఎందుకు ఖాళీగా ఉందో వాళ్లు మాత్రం రాయడం లేదు.